బయట గాలిని బట్టి

అసలు తప్పంతా ఆ డాక్టరుగారిదే అంటాను బావగారూ. మీ చెల్లెలి దగ్గు చూసి, "బయట గాలిని బట్టి ఫిల్టరు కొనుక్కోండి" అన్నారు. ఆ ముక్కే చీటీ మీద రాసి, నా మొహం చూడకుండా బల్ల మీద గంట కొట్టారు. ఏ బయట? ఎవరి బయట? గడప బయటా, వీధి బయటా, ఊరి బయటా? మాత్రలైతే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని విడమరిచి రాస్తారు కదా. గాలి దగ్గరికొచ్చేసరికి నన్ను ఊహించుకోమంటే ఎలా?

కూర్చోండి, లేవకండి. మీ చెల్లెలు ఇంకా సర్దుకుంటోంది. సర్దిన పెట్టె రెండుసార్లు విప్పి మళ్ళీ సర్దకపోతే తనకి ప్రయాణం చేసినట్టే ఉండదు. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఎక్కని బస్సులన్నీ అలా పోయినవే.

తీసుకెళ్తానంటే కాదనను. మీది గుట్ట మీద ఇల్లు, కిటికీ తెరిస్తే గాలి తనే వచ్చి పలకరిస్తుంది. కాకపోతే, ఈయన చేతులు ముడుచుకుని కూర్చున్నాడని మాత్రం మనసులో పెట్టుకోకండి. ఈ ఆరునెలల్లో గాలి మీద నేను చదివిన చదువు పదో తరగతిలో చదివుంటే, ఈపాటికి తలుపులకి పాలిష్ కొట్టేవాణ్ణి కాదు, కొట్టించుకునేవాణ్ణి.

ముందు ఫోనులో చూశాను. రోజూ పొద్దున్నే గాలి ఎలా ఉందో ఒక అంకె వస్తుంది, దాని కింద "పర్వాలేదు" అని ఉంటుంది. పక్కగదిలో మీ చెల్లెలు దగ్గుతూ ఉంటుంది, ఫోనేమో పర్వాలేదంటుంది. వీధిలో చూద్దామా, ఎదురింటాయన కారు అసలు రంగేమిటో ఆయనకే గుర్తులేదు. ఈ అంకె ఎక్కడ పుడుతోందో చూసొద్దామని బస్సెక్కాను. నవ్వండి, పర్లేదు, కండక్టరూ నవ్వాడు.

గాలిని కొలిచే పెట్టె పార్కులో ఉంది బావగారూ. చుట్టూ పచ్చిక, పచ్చిక మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు, పక్కనే రిటైరైన వాళ్ళ నడక. ఆ పెట్టె పీల్చే గాలి నేను పీలిస్తే ఇంకో ఇరవయ్యేళ్ళు ఎదురు లేకుండా బతుకుతాను. ఇది మా వీధివైపు ఎప్పుడైనా వస్తుందా అని అక్కడి వాచ్‌మన్ని అడిగాను. ఆయన పాపం నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని నీళ్ళిచ్చాడు.

సరే, ఫిల్టర్ల షాపుకెళ్ళాను. షాపాయన సంబంధం మాట్లాడేవాడిలా వివరాలన్నీ అడిగాడు. మీ దగ్గర ఎక్కువ దుమ్మా, వాసనలా అన్నాడు. దుమ్ముకైతే మడతల కాగితం ఫిల్టరు సరిపోతుందట, వాసనలూ ఆవిర్లూ అయితే దానికి తోడు బొగ్గు పొర ఉండాలట. రోడ్డు తవ్వి వదిలేశారు కదా, దుమ్మే అన్నాను. వాసనేమీ లేదని గట్టిగా చెప్పాను. ముప్పై ఏళ్ళు పాలిష్‌లో కలిపే థిన్నరు పీల్చిన ముక్కు నాది. నాకంటే ముందే రిటైరైపోయింది. దాని సాక్ష్యం మీద బొగ్గు వద్దన్నాను.

మెషీను తెచ్చి గదిలో పెట్టాం. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, ఇంకేం కావాలి? పదిరోజులు దాన్ని దేవుడిలా చూసుకున్నాం. పదకొండో రోజు మీ చెల్లెలు తుడుద్దామని వెనక మూత తీసి, "ఏమండీ, దీనికి కవరు తియ్యలేదే" అంది. ఫిల్టరుకి చుట్టిన ప్లాస్టిక్ కవరు చుట్టినట్టే ఉంది. పది రోజులు మేము ఫ్యాను గాలికి మొక్కాం. తను నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గొస్తే నవ్వు ఆగింది.

ఆ?

కింది గదిలో నా పాలిష్ పని సంగతా? అదే వస్తున్నా. దగ్గు మొదలైన నెలలోనే ఇంట్లో స్ప్రే ఆపేశాను. ఇంట్లో స్ప్రే గన్ను పట్టనని తనకి మాటిచ్చాను, పట్టలేదు కూడా. అక్కడ ఇప్పుడు తలుపులకి ఉప్పుకాగితం రుద్దడం తప్ప ఏమీ లేదు. స్ప్రే అంతా వెనకవైపు. గోడ అవతల నాలుగు రేకులు వేసి ఆ నీడన కొడుతున్నాను. అది ఇల్లు కాదు కదా. బయట.

అలా చూడకండి. చెప్పనివ్వండి.

కవరు తీశాక నిజంగానే బాగుంది. వారం రోజులు. తర్వాత మళ్ళీ మొదలు. బస్సుల వల్ల అన్నాను. పక్కింటి జనరేటరు అన్నాను. రోడ్డు తవ్వినవాళ్ళని రోజుకి రెండు పూటలా తిట్టాను. ఇంకా సన్నటి ఫిల్టరు తెచ్చి బిగిస్తే, దానిలోంచి గాలి లాగలేక మెషీనే ఆయాసపడింది. మంచం మీద ఒకరు, మంచం పక్కన ఒకటి.

ఆరునెలలు రావలసిన ఫిల్టరు మీకు నెలకే ఎలా నిండుతోంది, ఒకసారి తెచ్చి చూపించండి అన్నాడు షాపాయన. చూడగానే చెప్పేస్తాట్ట, ఏ రకం మురికో, దానికి ఏ రకం ఫిల్టరు కావాలో.

తీసుకెళ్ళలేదు.

ఎందుకంటే నేనూ చూడగానే చెప్పేశాను.

రోడ్డు దుమ్ము ఎలా ఉంటుంది, బూడిద రంగు. బస్సు పొగ నలుపు. నా పని రంగులు కదా బావగారూ, పొద్దున లేస్తే తలుపు పక్కన తలుపు పెట్టి తేడా చూసే కళ్ళు ఇవి. మొదటి ఫిల్టరు విప్పితే మడత మడతకీ వాల్‌నట్ పాలిష్ రంగు ఉంది. మామూలు వాల్‌నట్ కూడా కాదు. నేను కలిపింది. కొంచెం ఎరుపు తగ్గించి, నలుపు ఒక్క చుక్క ఎక్కువేస్తాను, ఆ రంగు ఇక్కడ ఇంకొకరికి కుదరదు. కుదరదని నేనే అందరికీ చెప్పుకుంటాను. ఆ నెలంతా ఒక లాడ్జి తలుపులు చేశాను, వాల్‌నట్. తర్వాతి నెల ఎవరిదో కొత్త ఇల్లు, చెర్రీ. రెండో ఫిల్టరు చెర్రీ.

ఎంత సమంగా పట్టిందనుకున్నారు. ఒక్క చోట మరక లేదు. చూడగానే, సిగ్గులేకుండా, బాగా వచ్చింది అనుకున్నాను.

వెనక రేకులకీ మీ చెల్లెలు పడుకునే పై గది కిటికీకీ మధ్య ఆరడుగులు. టేపు పెట్టి కొలిచాను. బయట గాలి అన్నారు డాక్టరుగారు. నేను బస్సెక్కి పార్కుదాకా వెళ్ళి వెతికాను. ఆ బయట నేనే.

తనకి చెప్పలేదు. రెండు ఫిల్టర్లనీ పేపర్లో చుట్టి, వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చాను. చూపించమంటే, రోడ్డు దుమ్మే, నువ్వు ముట్టుకోకు, మళ్ళీ దగ్గొస్తుంది అన్నాను. నా మీద నమ్మకంతో ఆ రోడ్డు తవ్వినవాళ్ళని తనూ తిట్టింది.

ఆపేయొచ్చు. తెలుసు. చేత్తో గుడ్డ పెట్టి రుద్దితే గాల్లోకి మబ్బు లేవదు. నాకు పని నేర్పిన మేస్త్రీ అలాగే నేర్పాడు. కానీ తలుపుకి నాలుగు రోజులు పడుతుంది. గన్ను పట్టుకుంటే ఒక పూట. ఇప్పుడు నాలుగు రోజులు ఆగే మనిషి ఎవరు? ఆగినా, నా కుడి భుజం చెవి దాకా లేవదు. ఇవన్నీ సాకులని మీరు అననక్కర్లేదు, అంటున్నప్పుడే నాకు వినిపిస్తున్నాయి.

తీసుకెళ్ళండి. ఎప్పుడు తిరిగి రమ్మన్నారని తను అడిగితే, రోడ్డు వేశాక అన్నారని చెప్పండి. లేదా మీరు విన్నదే చెప్పేయండి. మీ ఇష్టం. నేను మాత్రం ఇన్నాళ్ళూ నోరు తెరవలేకపోయాను, ఇప్పుడు మీకు చెప్పడం కూడా తను లోపలుందన్న ధైర్యంతోనే.

ఇంకొక్కటి. ఇది ఎవరికీ చెప్పకండి.

వెనక గన్నుకి గాలి కొట్టే కంప్రెసరు నడుస్తుంటే ఆ రొదలో పై గదిలో దగ్గు వినపడదు. అది తెలిశాక, పని లేని రోజుల్లో కూడా దాన్ని నడిపేవాణ్ణి బావగారూ.