సాగదీయకు అన్న మాట

ఆ చికిత్స గదిలో ఉన్నవారు వరుసగా వీరు: ఫిజియోథెరపిస్టు అయిన అక్కగారు, బల్లమీద బోర్లా పడుకున్న ఆమె తమ్ముడు, తెర ఇవతల నా వంతు కోసం వేచి ఉన్న నేను.

"రేపు పరుగెత్తనిస్తావా అక్కా? నెగ్గితేనే జట్టులో చోటు."

"ముందు పిక్క చూడనీ. రోజూ సాగదీస్తున్నావా?"

"లేదు. నువ్వే వద్దన్నావుగా."

"నేనా? ఎప్పుడు?"

"పోయిన నెల ఫోన్లో. పిక్క పట్టేసిందని చెబుతుంటే, ఇక సాగదీయకు అన్నావు. ఆ రోజే మానేశాను."

"ఒరేయ్, నేను సాగదీయొద్దన్నది నీ సోదిరా. బయట జనం కూర్చుని ఉన్నారని."

"మరి నొప్పి ఎలా పోయింది?"

"పోయిందా? ఇక్కడ నొక్కితే?"

"ఏమీ లేదు. సాగదీసినన్నాళ్లూ ఉండేది."

"ఎక్కువగా లాగావేమో. లేక దానంతటదే తగ్గిందేమో."

"అసలు పరుగెత్తేవాళ్లకి సాగదీయడం అవసరమా, కాదా?"

"కొందరికి హాయిగా ఉంటుంది. చేస్తే దెబ్బ తగలదని మాత్రం గట్టిగా చెప్పలేను."

"అందరిచేతా చేయిస్తున్నావుగా?"

"చేయిస్తున్నాను. అదే నాకూ అర్థం కావట్లేదు. నిజంగా తెలియదురా."

"మెల్లగా మాట్లాడు, బయట పెద్దాయన ఉన్నారు."

"విననీ. రేపు ముందు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించుకో, తర్వాత పోటీకి దిగు. సాగదీయకు."

"కాలా, మాటా?"

"రెండూ."

తెర ఇవతల నేనున్నానని తెలిసి కూడా, తనకు తెలియనిది తెలియదని గొంతు తగ్గించకుండా చెప్పిన ఆ అక్కగారి నిజాయితీకి నా గౌరవపూర్వక అభినందనలు తెలియజేసుకుంటున్నాను.