కరెంటు ఉందంటే నమ్మని మా ఆగండిగారు

1989వ సంవత్సరం జూలై మాసం మూడవ తేదీన మా ఆసుపత్రి విద్యుత్ విభాగంలో సహాయకులుగా ప్రవేశించి, అంచెలంచెలుగా ప్రధాన పర్యవేక్షకులై, నేడు పదవీ విరమణ చేస్తున్న నా సహోద్యోగికి ‘ఆగండిగారు’ అన్న బిరుదును ప్రదానం చేసినది మేమే. ఏ పనికి చెయ్యి చాచినా “ఆగండి, ఇంకోసారి చూద్దాం” అనే ఓపిక వారిది. ఆ ఓపికను భరించే ఓపిక మాది.

తొలుత జనరేటరు గదిలో, తదుపరి శస్త్రచికిత్సా విభాగంలో, ఎక్కడ సేవలందించినా వారి నియమం ఒక్కటే: తాను బిగించిన మరనే ముందుగా అనుమానించాలి. ఈ నియమం వలన మా భోజనాలు ఎన్నిసార్లు చల్లారాయో భగవంతునికే ఎరుక. “ఇంట్లో స్విచ్ వెయ్యాలన్నా ఈయన అనుమతి కావాలండీ!” అని వారి శ్రీమతిగారు సైతం వాపోయారు.

పసికందుల వార్డుకు రెండు ఇన్వర్టర్ ఛార్జర్లను జతగా అమర్చారు. అవి జోడెడ్ల వంటివి. ఒకదానికి బయటి కరెంటు అందకపోతే రెండూ కలిసి బ్యాటరీ మీదకు దిగుతాయి. ఒక వేసవి మధ్యాహ్నం, కరెంటు నిక్షేపంగా ఉండగానే, దిగిపోయాయి. లోపల ఇంక్యుబేటర్లలో నెలలు నిండని పిల్లలు. ఇక్కడ కరిగిపోతున్న బ్యాటరీ.

నేను మీటరు పెట్టి చూశాను. “రెండింటికీ నిండుగా వస్తోంది. ఆపేసి మళ్లీ వేద్దాం!”

“ఆగండి. ఆపాక లేవకపోతే? యంత్రాలు కరెంటు లాగి లోడు పడ్డప్పుడు చూశారా?”

యంత్రాలు వాటంతటవే తిరిగి కరెంటు అందుకోబోయే క్షణం కోసం మీటరు పట్టుకుని కూర్చున్నారు. హెడ్ నర్సుగారు మండిపడ్డారు: “బ్యాటరీ అడుగంటుతుంటే తపస్సు చేస్తున్నారేంటండీ?”

నాకూ ఒళ్లు మండిపోయింది. అంతలో లోడు పడింది. రెండవ యంత్రం వద్ద వోల్టేజి కుప్పకూలింది. దాని బ్రేకరులో మర వదులైంది. దానిని బిగించగానే యంత్రాలు రెండూ కరెంటు అందుకున్నాయి. అప్పుడు వారు అందరి ముందూ ఎలుగెత్తి అన్నారు: “కిందటి వారం ఇది బిగించింది నేనే. సరిగ్గా బిగించలేదు.”

ఆ పిల్లలందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు.

మహాశయా, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఇన్నేళ్లూ మమ్మల్ని విసిగించారు, నిజం. రేపటి నుంచి మా చెయ్యి పట్టుకుని ఆపేవారు లేరు. మాకు భయంగా ఉంది.