బొగ్గు గల్లీకి తొవ్వ

మెట్టుగూడలో పాత రైల్వే క్వార్టర్ల ఎదురుగా, రైల్వేలో పనిచేసి రిటైరైన పర్వతాలు ఇల్లు. పొద్దున పది గంటలు. వసుధ వచ్చి కూర్చుంది.

"చాయ్ వద్దు కాకా. బొగ్గు గల్లీ ఏడున్నదో చెప్పు, పోత."

"బొగ్గు గల్లీనా? ఆ పేరు నీకెవరు చెప్పిండ్రు?"

"నాన్న. అమ్మ పదకొండో రోజు అయినంక షురూ చేసిండు. నన్ను ఇంటికి తీస్కపో అంటడు. ఇది మల్కాజ్‌గిరి నాన్నా, మనిల్లే గద అంటే, ఇది కాదు, బొగ్గు గల్లీ అంటడు."

"సదాశివన్నకు వయసైంది బిడ్డా. ఏదో అంటడు."

"నాలుగు రోజులైంది, మెతుకు ముట్టలే. ఇగ ఆయనకేది ఇష్టమైతే అది చెయ్యమన్నడు డాక్టర్. మ్యాప్‌ల చూసిన, లేదు. ఆటోవాళ్లను అడిగిన, తెల్వదన్నరు."

"వాళ్లకేం తెలుస్తది. అప్పట్ల ఇంజన్ల బొగ్గు ఏరుకొచ్చి అమ్మేటోళ్లు ఆడ. బొగ్గింజన్లు పోయినయ్, పేరు సుత పోయింది. ఆలుగడ్డ బాయి బ్రిడ్జి చూసినవా, అది..."

"దాని పక్కననా?"

"పక్కన కాదు. ఉత్తగ చెప్తున్న. వానొస్తే ఆడ సైకిల్ నెత్తిన పెట్టుకొని దాటేటోణ్ణి. చిలకలగూడల జీవరాజు అని ఓ డ్రైవర్ ఉండె, ఆయన కుక్క నన్ను చూస్తే..."

"కాకా. గల్లీ."

"చెప్తున్న గద. జెర ఆగు."

"నాన్నసొంటి ఇంజన్ డ్రైవర్ల ఇండ్లకు పోయి, బండి టైమైందని పిలిచి, బుక్కుల సంతకం తీస్కునేటోనివి నువ్వు. నీకు తెల్వని గల్లీ లేదని నాన్నే అంటుండె."

"ఇరవై ఆరేండ్లు తిరిగిన."

"మరి మేం ఆడ ఎప్పుడన్న ఉన్నమా? నేను పుట్టింది ఈ ఎదురు క్వార్టర్‌లనే. నాన్నది జనగామ. బొగ్గు గల్లీల మాకెవరున్నరు?"

"ఎవరుంటరు. ఎవరు లేరు."

"లేకుంటే కిందికెందుకు చూస్తున్నవ్?"

"చాయ్ తాగు ముందు."

"నాకు ఏడుపు సుత వస్తలేదు కాకా. అమ్మ పోయినప్పుడే రాలే. ఏదున్నా చెప్పు. వింట. నాకేం కాదు."

"రాజ్యం అని ఉండె ఆడ. విజయవాడ దిక్కు నుంచి వచ్చింది. బట్టలు కుట్టేది."

"ఉండెనా, ఉన్నదా?"

"ఉన్నది. మొన్న మోండా మార్కెట్ల కనపడ్డది. సరిగ నడుస్తలేదు. గదే ఇల్లు. పట్టాల పొంటి పోతే కొత్త అపార్ట్‌మెంట్ ఎనక. ఇప్పుడు రోడ్ నంబర్ నాలుగంటరు."

"నాన్న ఆడికి పోయేటోడు."

"వారంల రెండు రోజులు."

"డ్యూటీ అని చెప్పి."

"డ్యూటీ అని చెప్పి."

"ఎన్నేండ్లు?"

"నేను రిటైరయ్యేదాంక చూసిన. తర్వాత నాకు తెల్వదు."

"నువ్వు ఆడికే పోయి పిలిచేటోనివి."

"ఏం చెయ్యాలె మరి. ఓసారి మీ క్వార్టర్ తలుపు కొట్టి, లేడంటే వాపస్ పోయిన. బండి లేటైంది, నాకు చార్జిషీట్ ఇచ్చిండ్రు. ఇంకోసారి తప్పితే నౌకరి పోతుండె. తర్వాత ఎన్నడు తప్పలే."

"మంచిదే. అందరు కలిసి అమ్మకు తెల్వకుంట దాచిండ్రు. డ్యూటీ అంటే ఆమె నమ్మి టిఫిన్ డబ్బ కట్టిచ్చేది."

"గట్లనకు బిడ్డా."

"ఎట్లనాలె? మా ఇంట్ల కూసోని చాయ్ తాగినవ్. ఆమె మొఖం చూస్కుంట తాగినవ్. ఆ ఇల్లు నీకెవరు చూపించిండ్రు? నాన్ననేనా?"

"నాన్న కాదు."

"మరెవరు?"

"చార్జిషీట్ వచ్చిన తెల్లారి మీ అమ్మనే నన్ను ఆడికి తోల్కపోయింది. నిన్ను చంకలేస్కొని ఆ తలుపు ముందట నిలవడి, 'ఇంట్ల లేకుంటే ఈడికొచ్చి పిలువు తమ్మీ' అన్నది."