పెంటయ్య అడిగిన బ్యాండు

పాల్మాకుల పెద్దలారా, అక్కలారా, ఆరాంఘర్ నుంచి వచ్చిన డ్రైవర్ అన్నలారా, మా బ్యాండు తమ్ముళ్లారా! ఇంత ఎండలో పనులు మానుకుని వచ్చారు. పెంటయ్య ఉంటే తనే ఎదురొచ్చి మీకు కుర్చీలు వేసేవాడు. పదకొండు రోజులైంది, ఆ మనిషి లేడు. నేను జహంగీర్‌ని, శంషాబాద్‌లో పెళ్లి బ్యాండు నడిపేవాణ్ణి. ముప్పై ఏళ్లు నా పక్కన క్లారినెట్ వాయించిన మనిషి గురించి మాట్లాడమంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

అమెరికా నుంచే మొదలుపెడతాను. పెళ్లిళ్లు లేని రోజుల్లో కారు నడిపి ఎందరిని ఎయిర్‌పోర్టులో దింపాడో! పోయినేడు తనే పెట్టె పట్టుకుని లోపలికి పోయాడు. చుట్టాలను చూడటానికా? కాదు. పని కోసమా? కాదు. ఫోన్‌లో చూసిన బ్యాండ్ల ఊళ్లను కళ్లారా చూడటానికి! కిరాయి కారులో ఒక్కడే, పదమూడు రోజులు, న్యూఆర్లీన్స్ నుంచి మెంఫిస్ మీదుగా నాష్‌విల్ దాకా. వచ్చీరాని ఇంగ్లీషు, పచ్చడి డబ్బా, వెనక సీట్లో క్లారినెట్. నవ్వండి, పర్వాలేదు. మేమూ నవ్వాం.

ఒక మ్యూజియంలో పాతకాలపు వాయిద్యాలు పెట్టారట. మనవాడు చెప్పులు గుమ్మం బయటే విడిచి ఉత్త కాళ్లతో లోపలికి పోయాడు. అద్దాల పెట్టెలో ఉన్న క్లారినెట్‌ను చూసి, మేం వాయించే ముందు చేసినట్టే, అద్దాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. అలారం మోగింది, కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "తప్పేముంది భాయ్? పెద్దలు వాయించింది గదా, మొక్కకుంట ఎట్ల వస్త?" అని తిరిగొచ్చి నన్ను దబాయించాడు.

న్యూఆర్లీన్స్ సంగతి ఇంకా వింత. వీధిలో శవయాత్ర పోతోంది, ముందు బ్యాండు! పోయేటప్పుడు మెల్లగా ఏడుపు పాట, సాగనంపి తిరిగొచ్చేటప్పుడు హుషారు పాట. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి వెంట పెంటయ్య చివరిదాకా నడిచాడు. మరి స్నానం చేయకుండా కారెక్కుతాడా? రోడ్డు పక్కన నిలబడి, బట్టలతోనే, నాలుగు సీసాల నీళ్లు నెత్తిన కుమ్మరించుకున్నాడు. ఎండదెబ్బ తగిలిందనుకుని అక్కడివాళ్లు ఆయన్ను నీడలో కూర్చోబెట్టి గాలి విసిరారు.

తిరిగొచ్చాక నన్ను ఒక్కటే అడిగాడు. "జహంగీర్ భాయ్, నేను పోయిననాడు మన బ్యాండు రావాలె. ఎర్ర కోట్లు ఏసుకొని రావాలె." నేను కసిరాను. "పిచ్చి లేసిందా ఏంది? చావుకు కొడితే పెళ్లికి మనల్ని ఎవరు పిలుస్తరు?" అన్నాను. మా పనిలో అది పట్టింపు. చావుకు డప్పు, పెళ్లికి బ్యాండు. ఆయన మళ్లీ అడగలేదు. పోయిననాడు మధ్యాహ్నం ఆయన్ను కాటికి తీసుకుపోతుంటే డప్పులు మోగాయి, నేను చేతులు కట్టుకుని వెనక నడిచాను. ఎవరికి భయపడ్డాను? ఇంకా రాని పెళ్లి పిలుపులకు! సిగ్గుగా ఉంది. మీ ముందు చెప్పకుండా ఉండలేను.

నిన్న ఆయన భార్య భాగ్యమ్మ దగ్గరికి పోయి ఇదే చెప్పాను. చెల్లె నన్ను తిట్టలేదు. "మంచిగ బతికిండు, మంచిగ తిరిగిండు అన్నా. రేపు కోట్లు ఏసుకొనే రార్రి" అంది. అందుకే ఇలా వచ్చాం. మనసు తేలికగా ఉంది.

ఇప్పుడు రెండు నిమిషాలు అందరం మౌనంగా నిలబడదాం. ఆ తర్వాత ఎవరూ కూర్చోవద్దు, మేం హుషారు పాట ఎత్తుకుంటాం. వచ్చే నెల పెళ్లికి మమ్మల్ని మాట్లాడుకున్నవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మీరూ వినండి. విన్నాక మమ్మల్ని వద్దనుకుంటే చెప్పండి, కోపం రాదు. మా పెంటయ్యకు మాత్రం ఇవాళ వాయిస్తాం.

లేవండి.