పాత పేరున వచ్చిన ఉత్తరం

అమెరికాలోని సెయింట్ పాల్‌లో, లావోస్ కొండల నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక హ్మాంగ్ తెగ వాళ్ల వంటిల్లు. నానమ్మ ఆవాకు తుంచుతోంది. మనవరాలు కాలేజీ ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చింది.

"...అలా గుమ్మంలోనే నిలబడతావేమే, మైసీ? ఏమన్నారు?"

"కొత్త చట్టం వచ్చిందన్నది నిజమే నానమ్మా. చదువుకి రాష్ట్రం ఇచ్చే సాయం ఇదివరకు నాలుగేళ్లే. ఇప్పుడు ఆరేళ్లు చేశారు."

"మరింకేం. నువ్వు మంచాన పడ్డ ఏడాదిని కూడా లెక్కేసి ఆపేశారు కదా పాపిష్టివాళ్లు. ఆ ఒక్క ఏడాదీ చదివితే నర్సువి. ఈ కోళ్ల ఫ్యాక్టరీ పని పీడ నీకు వదిలిపోతుంది. రా, జిగురన్నం వేడిగా ఉంది."

"వద్దు. మధ్యలో ఆగిపోయినవాళ్లకి ఉత్తరాలు పంపారట. సంతకం పెట్టి తిప్పి పంపినవాళ్లకే సాయం. మొన్న శుక్రవారంతో గడువైపోయింది."

"మనకేం రాలేదే."

"వచ్చింది. మనింటి నుంచే తిరిగెళ్లింది. చూపించారు."

"ఈ పులుసులో ఉప్పు చూడు."

"నానమ్మా."

"కాస్త చూడవే."

"ఉత్తరం పా హువా పేరున వచ్చింది."

"ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దన్నానా?"

"కాలేజీ కాగితాల్లో నాది ఇంకా ఆ పేరే."

"ఉంటే ఉండనీ. నువ్వు మంచాన పడ్డప్పుడు, పోయే ప్రాణాన్ని వెనక్కి పిలిచే పెద్దాయన ఏమన్నాడు? దయ్యం ఆ పేరు పట్టుకునే వెతుకుతోంది, పేరు మార్చండి, పాత పేరుతో ఎవరడిగినా ఆ పిల్ల లేదనండి అన్నాడు. ప్రాణం జారిపోకుండా చుట్టాలందరం నీ మణికట్టుకి తెల్లదారాలు కట్టాం. మూడోనాడు లేచి గంజి తాగావా లేదా?"

"తాగాను."

"మరి?"

"లేదు అని కాదు నానమ్మా, కవరు మీద ‘చనిపోయింది’ అని ఉంది. ఆఫీసులో ఆవిడ నన్ను చూసి నోట మాట రాక కూర్చుంది. బతికే ఉన్నానంటే పాపం ఆవిడకే ఏడుపొచ్చింది. కానీ గడువు దాటింది, ఇంక చేసేదేం లేదంది."

"జిగురన్నం చల్లారిపోతోంది, రా."

"ఎవరు రాశారు? నీకా, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు."

"పోస్టతను ఆ పేరే చదివి వినిపించాడు. రాయడానికి నాకు ఒక్క మాట వచ్చు."

"ఏ మాట?"

"మీ తాత పోయాక ఆయన పేరున ఉత్తరాలొచ్చినప్పుడల్లా నేను ఏడుస్తున్నానని, కవరు మీద ఇది రాస్తే ఇంక రావు నానమ్మా అని, నా చెయ్యి పట్టుకుని నువ్వే దిద్దించావు కదమ్మా."