మూడో ముద్ద

అదిగో, మళ్ళీ కప్పు బోర్లించేశావు! ఏమయ్యా మింగో, చచ్చి సమాధిలో పడుకున్నాక కూడా పెట్టిన వస్తువు పెట్టినచోట ఉండనివ్వవా?

గాలి అంటావు. ఆఁ, గాలే! బతికున్నన్నాళ్ళూ ఏది పగలగొట్టినా పిల్లి మీదకి తోశావు, ఇప్పుడు నీకు గాలి దొరికింది.

ఉండు, సరిగ్గా పెడతాను. ఇదిగో నీ నీలం కప్పు, నీ చెంచా, నీ పొగాకు గొట్టం. ఆఖరిరోజు నువ్వు ముట్టుకున్నవన్నీ నీ దగ్గరే ఉన్నాయి, ఒక్కటీ ఎవరూ తియ్యలేదు. కప్పు అడుగున చిల్లు కొట్టింది నేనే. కొట్టకపోతే నువ్వు ఇంట్లోవాళ్ళని కూడా వెంట రమ్మంటావని, ఊరందరికీ అత్త మన హెస్టరత్త ఒకటే గోల. ఆయన బతికుండగా ఎక్కడికి వెళ్ళినా నన్ను వెంటబెట్టుకెళ్ళిందెప్పుడత్తా, ఇప్పుడు కొత్తగా పిలవడానికీ అన్నాను.

లేదు, కూర్చోను. పనుంది. ఇవాళ ఏం రోజో చెప్పు చూద్దాం? నీకెప్పుడు తెలిసింది గనక! నీ మనవరాలు పుట్టి తొమ్మిదో రోజయ్యా. పొద్దెక్కేలోగా దాని చెవిలో పేరు చెప్పాలి. చెప్పాల్సింది అమ్మమ్మే, అంటే నేనే. అల్లుడు పీతలు తెస్తానని వల పట్టుకుని పోయాడు. ఆడవాళ్ళు వాకిట్లో బియ్యం దంచుతున్నారు, రోకళ్ళ చప్పుడు ఇక్కడిదాకా వినపడుతోంది చూడు. హెస్టరత్త గుమ్మంలో నిలబడి "పేరేంటే బైనా, పేరేంటే" అని ప్రాణం తీస్తోంది. ఆయన్ని అడిగొస్తానని చెప్పి ఇలా వచ్చాను.

అడగడానికి కాదులే. తిట్టడానికొచ్చాను.

ఎందుకా? ఎందుకో నీకు తెలుసు, దొంగమొహమా! నవ్వకు. మొదట్నుంచీ చెప్తాను, నీకు తెలిసిందే అయినా విను. ఇదివరకులా "గట్టు తెగిందేమో చూసొస్తా" అని మధ్యలో లేచిపోలేవుగా.

పెద్ద దొర పోయాక కొడుకులు పంపకాలు పెట్టుకున్నారు గుర్తుందా? పొలాలూ, పశువులూ, మనమూ. మన సిబ్బీ రెండో కొడుకు వాటాకి పడింది. జార్జియా తీసుకుపోయారు. నిండా నాలుగేళ్ళు లేవు దానికి. నేను రోలు దగ్గరున్నాను. మేస్త్రీ పక్కనే నిలబడ్డాడు, రోకలి ఆగితే కొరడా లేస్తుంది. ఆపలేదు. దంచుతూనే ఏడ్చాను. అది రేవుదాకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే పోయింది. నువ్వేమో మడిలో మోకాలిలోతు బురదలో ఉన్నావు. సాయంత్రం ఇంటికొచ్చి "పిల్లేదీ" అన్నావు.

ఆ పూట కూడా ముగ్గురికి వండాను. చేతికి అలవాటు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఎందుకని నువ్వు అడగలేదు. ఆ మూడో ముద్ద నువ్వే తినేసేవాడివి. ఒక్కరోజు మాత్రం నోరు విప్పావు. "ఇంకొంచెం బొబ్బర్లు వెయ్యి బైనా, పిల్లకిష్టం" అన్నావు. నీకిష్టమని చెప్పడానికి నోరు రాలేదు చూడు!

తర్వాత బానిసలందరికీ విడుదలొచ్చింది. దొరలు అమ్ముకున్న బిడ్డల్ని వెతుక్కుంటూ జనమంతా రోడ్లమీద పడ్డారు. నువ్వూ బయల్దేరావు. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలీని మనిషి జార్జియా అంతా గాలించొస్తాడట! నిజం చెప్తున్నా, నేను ఆశ పెట్టుకోలేదు. మన పందిపిల్లేదో పక్కింటివాళ్ళదేదో తెలీక ఓ శీతకాలమంతా వాళ్ళదాన్ని మేపినవాడివి నువ్వు.

అలాంటివాడివి వరికోతలయ్యాక ఓ పొద్దున్న పడవ దిగావు. నీ వెనకాల ఓ పిల్ల, బక్కగా, పొడుగ్గా. "బైనా, ఇదిగోనే మన సిబ్బీ" అన్నావు. ఎంత ధీమాగా అన్నావయ్యా! ఈ దీవంతా మన వాకిట్లోనే ఉంది ఆవేళ. హెస్టరత్త అయితే నాకంటే ముందే ఏడ్చి, నా వంతు లేకుండా చేసింది.

దూరం నడిచొచ్చిందని నీళ్ళు కాచి పిల్ల కాళ్ళు కడిగాను. ఏం కనిపించింది? వేళ్ళు. అయిదు వేళ్ళూ విడివిడిగా, ముద్దుగా.

మరి నీవి బాతుకాళ్ళు కదా! బొటనవేలి పక్క రెండూ అతుక్కుని. మీ అమ్మవీ అంతే. సిబ్బీవీ అంతే, రెండు పాదాలకీ. పుట్టగానే మంత్రసాని ఎత్తి చూపించి, తండ్రెవరో ఇంక అడగక్కర్లేదు పొమ్మంది. అలాంటి వేళ్ళు పెరిగాక విడిపోతాయా?

తలెత్తి నీకేసి చూశాను. అరుగుమీద కూర్చుని చెవులదాకా నవ్వుతున్నావు. నీ పళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో! అయ్యో, ఈ పిచ్చి మారాజు కాళ్ళు అరగదీసుకుని ఎవరి పిల్లనో తోలుకొచ్చాడు, పందిపిల్ల కథే మళ్ళీ అనుకున్నాను. ఇప్పుడు కాదన్నానంటే ఈ మనిషి ఇక్కడే గుండాగి చస్తాడనుకున్నాను. నోరు మూసుకుని పాదాలు తుడిచాను. అన్నం పెట్టాను. ఆ మూడో ముద్ద తినేసి, గిన్నె కూడా నాకింది. అంతే. అది మన సిబ్బీ అయిపోయింది.

నీ కోసమయ్యా! నీ కోసం నోరు కుట్టుకున్నాను. పిల్లకి నీ పోలిక లేదే బైనా అని ఎవరైనా అంటే, వాళ్ళ నాన్న పోలిక అనేదాన్ని. ఆ చక్కని పిల్లకి నీ పోలికట! ఆ ఒక్క అబద్ధానికే దేవుడు నన్ను విడిగా కూర్చోబెట్టి అడుగుతాడు.

పోనుపోను అబద్ధమన్న సంగతే మర్చిపోయాను. దానికి దంచడం రాదు, బియ్యమంతా నూకలు చేసేది. తిట్టేదాన్ని. కన్నకూతుర్ని తిట్టినట్టే తిట్టేదాన్ని. అదీ కన్నకూతురిలాగే మూతి ముడిచేది. నువ్వు పోయినరోజు నాకంటే అదే ఎక్కువ ఏడ్చింది. హెస్టరత్తే మెచ్చుకుంది, ఇంకేం కావాలి?

ఇప్పుడు ఇవాళ్టి సంగతి. తెల్లారాక బిడ్డని ఒళ్ళో వేసుకుని నూనె రాస్తున్నాను. చేతులు, బొజ్జ, కాళ్ళు. కాలివేళ్ళ మధ్య నా వేలు పెట్టి చూశాను. పుట్టినప్పట్నుంచీ రోజూ చూస్తున్నాను, ఏం చెయ్యమంటావ్! అవి అతుక్కుని ఎలా ఉంటాయి? బుర్రకి తెలుసు. చేతికి తెలీదు.

తలెత్తేసరికి మన పిల్ల నన్నే చూస్తోంది.

"పేరేం అనుకున్నావమ్మా?" అంది.

"నువ్వు చెప్పు" అన్నాను.

"సిబ్బీ అని పెట్టు."

నాకు నవ్వొచ్చింది. "పిచ్చిమొద్దూ, నీ పేరు దానికెలా పెడతామే? ఒక గడపలో ఇద్దరికి ఒకే పేరుండకూడదని హెస్టరత్త చెప్పలా? చావొచ్చి వాకిట్లో నిలబడి సిబ్బీ అని పిలిస్తే ఎవరు పలకాలి?" అన్నాను.

"అందుకేనమ్మా. నా పేరు డొర్కాస్. ఊహ తెలిసినప్పట్నుంచీ అదే. ఈ పేరు నాది కాదు. దీనికి ఇచ్చెయ్యి."

బిడ్డ కాలు నా చేతిలోనే ఉంది.

"నీకు తెలుసుగా అమ్మా" అంది. "వచ్చినరోజే తెలుసు. నా పాదాలు కడుగుతూ వేళ్ళ దగ్గర ఆగిపోయావు. ఇప్పుడు దీని వేళ్ళూ అలాగే చూస్తున్నావు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాటేంటో తెలుసా? "ఊరుకోవే, మీ నాన్న వింటాడు!" అన్నాను. నువ్వు ఈ మట్టిలో ఉన్నావన్న ధ్యాసే లేదు నాకు. అంత అలవాటైపోయింది నీ దగ్గర దాచడం.

నవ్విందయ్యా అది! కళ్ళమ్మట నీళ్ళు కారుతూంటే పొట్ట పట్టుకుని నవ్వింది. "నాన్నకి నీకంటే ముందే తెలుసమ్మా" అంది.

ఏం? ఇప్పుడు మాట్లాడవేం? గాలి కూడా ఆగిపోయింది చూడు!

అంతా చెప్పింది. జార్జియాలో సవానా ఊరి దగ్గర ఓ చర్చి మెట్లమీద అది కూర్చుందట. నువ్వు కనపడ్డ ప్రతి ఆడపిల్ల పాదాలూ చూసుకుంటూ వస్తున్నావట. ఎవరూ చెప్పుదెబ్బలు కొట్టలేదా నిన్ను? దాని పాదాలూ చూసి, "నువ్వు కాదులే తల్లీ" అని పక్కనే కూలబడ్డావట. సంచిలో రొట్టె తీసి సగం ఇచ్చావట. నేనూ మా అమ్మని వెతుకుతున్నాను, పేరు కూడా తెలీదు, ఎర్ర తలగుడ్డ ఒక్కటే గుర్తు అందట అది. ఎర్ర తలగుడ్డ! నా నెత్తిమీదున్నదేంటి మరి? హెస్టరత్త నెత్తిమీదున్నదేంటి? దాన్ని పట్టుకుని అమ్మని వెతుకుతోంది, పిచ్చితల్లి.

అప్పుడు నువ్వన్నావట. "మా ఆవిడ రోజూ ముగ్గురికి వండుతుంది. ఆ మూడో ముద్ద నేనే తిని తిని ఇంక నా వల్ల కావడంలేదు. నువ్వొచ్చి తిందూగానివి రావే" అన్నావట.

ఇంకా ఏమన్నావు? చెప్పనా? "నువ్వు సిబ్బీవి కాదని మాత్రం చెప్పకు. తెలిస్తే దాని గుండె పగులుతుంది. పైగా నన్ను మళ్ళీ రోడ్డెక్కిస్తుంది, నా కాళ్ళు అయిపోయాయి" అన్నావట. వేళ్ళ సంగతి అడిగితే, మా ఆవిడకి చూపానదు, కాళ్ళదాకా చూడదులే అన్నావట! నాకు చూపానదా? ఇవాళ్టికీ ఈ దీవిలో అందరి సూదుల్లో దారం ఎక్కించేది ఎవరు?

అసలు నన్ననాలి. అంత దూరం అది చెప్పుల్లేకుండా నీ పక్కనే నడిచొస్తే నువ్వు దాని పాదాలు చూడలేదని ఎలా నమ్మానయ్యా? బాతుకాళ్ళు ఎవరివి? నీవి! నిన్ను వెర్రిబాగులవాణ్ణి అనుకుని జాలిపడ్డాను చూడు, అదీ నా తెలివి. నువ్వూ నా మీద జాలిపడే ఉంటావు, అరుగుమీద కూర్చుని చెవులదాకా నవ్వుతూ.

ఒక్క ఇంట్లో ముగ్గురు దొంగలం. నువ్వు నా కోసం, నేను నీ కోసం, అది మనిద్దరి కోసం. ఎవరో ఒకరం నోరు విప్పితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. అన్నం తిని పడుకునేవాళ్ళం.

అదిగో, రోకళ్ళు ఆగిపోయాయి. నన్ను పిలుస్తారిప్పుడు.

ఏం చెయ్యమంటావు చెప్పు. పోయినవాళ్ళ పేరే కదా పసివాళ్ళకి పెడతాం. సిబ్బీ అని దీని చెవిలో చెప్పానంటే, మన సిబ్బీ ఇక లేదని నా నోటితో నేనే అన్నట్టు. రేపెప్పుడో రేవులో పడవ దిగి, ఆ బాతుకాళ్ళతో టపటపా నడుచుకుంటూ వచ్చి "అమ్మా" అంటే? నీ పేరు ఇంకొకరికి ఇచ్చేశాను తల్లీ అననా?

పోనీ వద్దందామా అంటే, ఇన్నేళ్ళలో ఈ పిల్ల నన్ను ఏదీ అడగలేదు. ఇదే మొదలు. ఎక్కడో దీని తల్లి కూడా రోజూ ఓ ముద్ద ఎక్కువ వండుకుంటూ ఉంటుంది మింగో. ఆవిడ కూతుర్ని నేను ఇక్కడ హాయిగా తిట్టుకుంటున్నాను.

ఏంటీ? గట్టిగా చెప్పు. నువ్వేమంటావో నాకు తెలీదా! "ఇంకొంచెం బొబ్బర్లు వెయ్యి" అంటావు. దేనికైనా నీకు తెలిసిన మందు అదొక్కటే.

వేస్తాను. ఓ ముద్ద ఎక్కువే వండుతాను, ఎప్పట్లాగే. వస్తే తింటుంది. రాకపోతే హెస్టరత్త ఎలాగూ ఉంది.

పేరు కూడా ఇచ్చేస్తాను. తనిక సిబ్బీ కాదని ఆ పిల్లే చెప్పేశాక మళ్ళీ ఏ మొహంతో పిలవను? దీనికీ పెట్టకపోతే ఆ పేరు మన వాకిట్లో ఇంక వినపడదు. పెడితే రోజంతా పిలుచుకోవచ్చు. సిబ్బీ ఇటు రా, సిబ్బీ ఆ బురదలోకి పోకు, సిబ్బీ అన్నానికి రా అని. నా గొంతు రేవుదాకా వినపడుతుందని నువ్వే వెక్కిరించేవాడివిగా. వినపడనీ. ఎవరు దిగుతారో ఏమో.

వస్తున్నా హెస్టరత్తా, వస్తున్నా! చెప్పాడు, పేరు చెప్పాడు!

ఒక్కమాట మింగో. డొర్కాస్‌కి చెప్పలేదు, నీకు చెప్తున్నాను. నువ్వు ఎవరికీ చెప్పలేవుగా. తను సిబ్బీ కాదని అది అనగానే, మరి నా సిబ్బీ ఎలా ఉండేదో చూసుకుందామని కళ్ళు మూసుకున్నాను. రోలు కనపడింది. రేవు కనపడింది. ఆ బుల్లి పాదాలు కనపడ్డాయి. అది వెనక్కి తిరిగింది. చూద్దును కదా, డొర్కాస్ మొహం. ఎన్నిసార్లు మూసినా అదే మొహం. నా బిడ్డ మొహం నాకు గుర్తులేదయ్యా. ఎప్పుడు పోగొట్టుకున్నానో కూడా తెలీదు.

రేపు నా సిబ్బీ వచ్చినా నేను కాళ్ళే చూడాలి. నీలాగే, దార్న పోయే ఆడపిల్లలందరి కాళ్ళూ.