రాయని బావి

1964. నల్గొండ కాలేజీలో మనోవ్యాధుల డాక్టర్ అమరేందర్‌కు సన్మానం. ఒకప్పుడు ఆయన పరిశోధన కోసం ఓ పల్లెలో మకాం పెట్టి పుస్తకం రాశాడు. ఆ పుస్తకానికే ఈ సన్మానం. సభ మొదలుకాకముందే ఆ పల్లె నుంచి గొర్లకాపరి ఇల్లాలు గుర్వమ్మ ఆయన ఉన్న గదిలోకి వచ్చింది.

“సారూ అంటవేందక్కా? తమ్మీ అని పిలుస్తుంటివి గదా.”

“గప్పుడు నా ఇంట్ల జొన్నరొట్టె తింటుంటివి. గిప్పుడు పుస్తకం రాసిన పెద్దమనిషివి.”

“కూసో. ఎల్లేశం ఎట్లున్నడు?”

“నా కొడుకు సంగతి తర్వాత. గా పుస్తకంల నేనున్ననా?”

“నీ పేరు రాయలే. ఊరి పేరు సుత మార్చిన.”

“పేరు మారిస్తే నేను గాకపోతనా? వాన్ని చేర్పిచ్చిన పట్నం దవాఖానల డాక్టరమ్మ చదివి చెప్పింది. ‘ఆ తల్లి పసిపిల్లగాన్ని మంచానికి కట్టేసి కూలికి పోయేది. ప్రేమ లేని తల్లి. గందుకే వాని మనసు చెదిరింది’ అని రాసినవట.”

“అక్కా, అది శాస్త్రం. నీ ఒక్కదాని గురించే గాదు...”

“ఎందుకు కట్టేసిన్నో నీకు చెప్పిన్నా, లేదా?”

“చెప్పినవ్.”

“ఏం చెప్పిన?”

“ఇంటి ముంగట... బావి ఉండె.”

“గోడ లేని బావి. గా బావిల పడే నా పెద్దబిడ్డ సచ్చింది. గా ముచ్చట చెప్పుకుంట నీ ముంగట ఏడ్చిన. నువ్వూ ఏడ్చినవ్. గది రాసినవా?”

“అక్కా...”

“రాసినవా?”

“లేదు.”

“యాది మరిచినవా?”

“మరువలే. అది రాస్తే... నేను చెప్పదలచుకున్న మాట నిలవకపోతుండె.”

“నీ మాట నిలవెట్టుకోనీకి నన్ను పడగొట్టినవ్.”

“అప్పుడు నిజమనే నమ్మిన. తప్పని తర్వాత తెలిసింది.”

“తెలిసినంక ఎవరికన్న చెప్పినవా?”

“ఎవరికని చెప్పాలె? కాలేజీలల్ల అదే పాఠం. లండన్ల సుత అదే చదువుతున్నరు. ఆ పుస్తకం నా చెయ్యి దాటిపోయింది.”

“గా పుస్తకం పట్టుకునే దవాఖానల తల్లులను లోపలికి రానిస్తలేరు. తల్లి మొకం చూస్తే జబ్బు తిరగవెడ్తదట. గేటు బయటనే కూసోవెడ్తున్రు.”

“నిజంగ నాకు తెల్వదు.”

“గిప్పుడు తెలిసింది గదా. సభల మస్తుమంది డాక్టర్లున్నరు. పోయి చెప్పు, తప్పు రాసిన అని.”

“ఇయ్యాల గాదక్కా. దండలు తెచ్చిన్రు, పెద్ద పెద్దోళ్లు వచ్చి కూసున్నరు. జర అర్థం చేసుకో.”

“అర్థమైతాంది.”

“నీకొక చీటీ రాసిస్త. నా సంతకం చూస్తే నిన్ను ఆపరు. రేపే పో. ఎల్లేశంను కండ్లనిండ చూసుకో.”

“నాకెందుకు సారూ చీటీ? నేనొచ్చింది మా ఊరి సోమమ్మ కోసం, గిప్పుడు గా గేటు కాడ కొడుకు కోసం ఆమె కూసున్నది. ఎల్లేశం పోయిన వానకాలమే సచ్చిపోయిండు. వాని పానం పోయినంకనే నన్ను లోపలికి పిలిచిన్రు.”